సాగిన కొలది మారు వన్నెలు

కలంకారీ అద్దకమునకు పేరుగాంచిన పెడనలో పనివారు గుడ్డకు కరక్కాయ కషాయమును గేదెపాలను పట్టించి ఆరబెట్టి, ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవైచి తీసిన నలుపును అచ్చులతో అద్ది, పటిక తగిలిన చోటనే పట్టి నిలుచు చిరివేరు ఎరుపును కాగులో మరగించి ఎక్కించి, పారునీట జాడించి తెచ్చు వస్త్రమును చూచిన వానికి, రంగనునది ఒక పదార్థమనియు, అది వేరొక చోట పుట్టి గుడ్డను చేరి దానిని అంటుకొని యుండుననియు తోచుట సహజము. ఆ తలంపులో దోషమేమియు లేదు. చిరివేరులోని రంగు అణువులు పటికతో కూడి నూలుపోగును పట్టుకొని, తమపై బడిన తెల్లని వెలుగునందలి నీలిభాగమును ఆకుపచ్చభాగమును మ్రింగి, మిగిలిన యెరుపును మన కంటికి విడుచుచున్నవి. ఆ గుడ్డను చింపినను, నలిపినను, ఎంత గట్టిగా లాగినను ఎరుపు ఎరుపుగానే యుండును; ఏలయన లాగుటవలన కదలునది నూలేగాని రంగు అణువు కాదు.

ఇక మొవ్వ పొలములలో కాలువగట్టున కరెంటుతీగపై వ్రాలిన పాలపిట్టను చూడుడు. కూర్చున్నంతసేపు మట్టిరంగు కలసిన సామాన్యపు పక్షివలె కనబడి, రెక్క విప్పి ఎగిరినతోడనే అది నీలముల రాశియై మెరయును. విజయదశమినాడు దాని దర్శనము శుభకరమని తెలుగునాట పలుతావుల జనులు పొలిమేర దాటి వెదకికొని పోవుదురు. అంతటి నీలమునకు కారణమైన నీలిమందు ఆ ఈకలో ఎంత శోధించినను దొరకదు. ఈకను మెత్తగా నూరినచో నీలము మాయమై గోధుమవన్నె పొడి మాత్రము మిగులును. బాల్యమును విశాఖపట్టణమున గడిపిన చంద్రశేఖర వేంకటరామన్ 1934లో బెంగుళూరున తాను నెలకొల్పిన విజ్ఞాన అకాడమీ పత్రిక ప్రథమసంపుటమునందు, తొలిపుటలలోనే, పక్షుల ఈకల వన్నెల పుట్టుకను గూర్చి వ్రాయుచు, పరీక్షకు తీసికొన్న పక్షి ఈ పాలపిట్టయే. లోకమంతట కీర్తినందిన శాస్త్రజ్ఞుడు తన క్రొత్త పత్రికకు తొలివ్యాసముగా పొలముగట్టు పిట్టను ఎన్నుకొనుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచును. ఈకలోని పదార్థము మధ్య గాలి నిండిన అతిసూక్ష్మమైన సందులు కలవు. వాని పరిమాణము కాంతి తరంగముల పొడవునకు దీటైనది. ఆ సందుల యెడములకు సరిపడిన నీలికాంతి మాత్రము ఒకదానికొకటి తోడై బలపడి వెనుకకు మరలును. తక్కినది లోపలికి పోయి అణగిపోవును. ఇచ్చట రంగు పదార్థముది కాదు, ఎడములది.

ఇట్లు రంగునకు రెండు పుట్టుకలు కలవని యెరిగిన పిదప, లాగినంతనే రంగు మారు వస్తువును చేయగోరిన వానికి దారి తానుగా కనబడును. రంగు ఎడములవలన పుట్టినదైనచో, ఎడమును మార్చిన రంగు మారవలెను. మార్చుటకు లాగుటకంటె సులువైన పని లేదు. అయితే పాలపిట్ట ఈక సాగదు. అందులకై సాగునట్టి పదార్థము కావలెను. అట్టి పదార్థములు పాలిమరులలో కలవు.

పాలిమరు అనగా ప్లాస్టిక్కని మాత్రమే తలంచుట పొరపాటు. ఒకేవిధమైన చిన్న అణుఖండములు వేలకొలదిగా ఒకదాని వెంట నొకటి కూడి యేర్పడిన దీర్ఘమైన గొలుసునకే ఆ పేరు. పెడన అద్దకపు నూలుగుడ్డ పాలిమరే, పాలపిట్ట ఈక పాలిమరే, మన తలవెండ్రుకయు, గిలకలదిండి రేవులో ఆరవేసిన నైలాను వలయు, కిరాణాకొట్టు సంచియు, సైకిలు ట్యూబును పాలిమరులే. రబ్బరు జాతివానిలో ఈ గొలుసులు, పిల్లి చెరచిన నూలు ఉండవలె, చిక్కుపడి ముడుచుకొని యుండును. లాగినపుడు చిక్కులు విడివడి అవి లాగుదిక్కునకు చాగిలును. విడిచినపుడు మరల ముడుచుకొనును. గొలుసుల మధ్య అచ్చటచ్చట వేసిన అడ్డుముడులు అవి ఒకదానిపై నొకటి జారిపోకుండ కాపాడును. రబ్బరునకు మరియొక గుణము కలదు. లాగినపుడు దాని పొడవు పెరిగినను ఘనపరిమాణము దాదాపు మారదు. పొడవున పెరిగినది మరొక దిక్కున తరుగక తప్పదు గనుక, సాగిన రబ్బరు పలుచనగును. ఇది చిన్నపిల్లలకును తెలిసిన సంగతియేయైనను, మన కథయంతయు దానిమీదనే నిలిచియున్నది.

ఒక సాగు పొరను ఊహింపుడు. దానియందు దట్టమైన వరుస, పలుచని వరుస, మరల దట్టమైన వరుస చొప్పున, ఒక దట్టపువరుసనుండి మరొకదానికి 220 నానోమీటర్ల యెడము కలదనుకొందము. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. అట్టి పొరమీద నిటారుగా బడిన వెలుగులో, వరుసల యెడమును పొర వక్రీభవన గుణకముతో హెచ్చించి రెట్టింపు చేసినంత తరంగదైర్ఘ్యము గల వన్నెయే బలముగా వెనుకకు మరలును. గుణకమును ఇంచుమించు 1.5 అనుకొనినచో లెక్క 660 నానోమీటర్లకు తేలును, అది ఎరుపు. ఆ పొరను దాని పొడవునకు ఒకటిన్నర రెట్లు అగునట్లు లాగినచో మందము తరిగి వరుసల యెడము సుమారు 180కి దిగును. మరలు వెలుగు 540 ప్రాంతమునకు చేరి ఆకుపచ్చయగును. పొడవు రెట్టింపగునంత లాగినచో ఎడము 156కు చేరి, వన్నె 467 వద్ద నిలిచి నీలమగును. లాగుటచే ఎరుపు పచ్చగా, పచ్చ నీలముగా మారి, విడిచినంతనే వచ్చిన దారిని మరలిపోవును. రంగు వేసినవారు లేరు, తీసినవారును లేరు.

ఇట్టి పొరను చేయుట యెట్లు? వందలకొలది నానోమీటర్ల వరుసలను బారుగా పేర్చుట ప్రయోగశాలలో గోరంత ముక్కకు సాధ్యమైనను, బారెడు తానునకు సాధ్యపడక చిరకాలము పరిశోధకులను వేధించినది. దీనికి 2022లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మథియాస్ కోలె, బెంజమిన్ మిల్లర్ ప్రభృతులు కనిపెట్టిన ఉపాయము ముచ్చటైనది. ఏలయన అది నూరేండ్లకు పూర్వపుది. ఫ్రాన్సుదేశీయుడు గాబ్రియేల్ లిప్మన్ 1891లో రంగుల ఛాయాచిత్రములను తీయు నొక విధానమును ప్రకటించి, దానికై 1908లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానమును పొందినాడు. అతడు మిగుల సన్నని రేణువులు గల ఫొటో పలకను పాదరసపు అద్దమునకు ఆనించి దానిపై దృశ్యమును పడనిచ్చెను. వచ్చు వెలుగును, అద్దముచే మరలు వెలుగును కలిసి పలక మందములోపల వరుసలు కట్టగా, ఆ వరుసలే పలకలో ముద్రితమయ్యెను. ఎరుపు పడిన చోట దూరపువరుసలు, నీలము పడిన చోట దగ్గరవరుసలు. వెలుగే తన కొలతను తానుగా చెక్కుకొన్నదన్నమాట. అద్భుతమైన విధానమేగాని, బొమ్మ పడుటకు మిక్కిలి కాలము పట్టుటచే లోకము దానిని విడిచి, రంగుమందుల ఫిల్మునే చేపట్టినది. మిల్లరుగారి బృందము పలకకు మారుగా సాగునట్టి వెలుగుపట్టు పాలిమరును, పాదరసమునకు మారుగా అద్దమువలె మెరయు రేకును పెట్టి, సామాన్యపు ప్రొజెక్టరుతో నిమిషములలో పెద్ద బొమ్మలను అచ్చువేసిరి. అటుపిమ్మట పొరను నల్లని సిలికోను రబ్బరుపై అంటించి లాగగా, బొమ్మలోని ఎరుపు నీలమువైపు నడచినది. ఈ నల్లని వెనుకతట్టు అనవసరపు అలంకారము కాదు. దారితప్పిన వెలుగును అది మ్రింగనిచో వన్నె వెలవెలబోవును. పాలపిట్ట ఈకలోను నీలపుపొర వెనుక నలుపు కలదు.

వరుసలకు మారుగా గుండ్లను వాడినవారును కలరు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందు జెరెమీ బామ్‌బర్గ్ బృందము జర్మనీ రసాయనజ్ఞులతో కలిసి, గట్టి ప్లాస్టిక్కు గుండుకు మెత్తని తొడుగు గల, ఒక్కొక్కటి సుమారు 200 నానోమీటర్ల గోళములను కరగించి, వత్తి, వరుసకట్టించి, రబ్బరువలె సాగు రత్నమును చేసినది. ఓపలురాతిలో రంగులు చిమ్మునది సరిగా ఇట్టి గోళముల పేర్పే గనుక దానిని పాలిమరు ఓపలని పిలుచుచున్నారు. ద్రవస్ఫటికపు అణువులు మరమేకు మలుపువలె తిరుగుచు పేరిన రబ్బరులు మరియొక జాతి. 2001లో ఫ్రైబర్గునందలి ఫింకెల్మన్ బృందము అట్టి దానిని సాగదీసి, దానినుండి వెలువడు లేజరు వన్నెను మార్చి చూపినది.

ఈ సందర్భమున ఊసరవెల్లిని తలంపకపోవుట అన్యాయము. మాట నిలుపని వానిని ఊసరవెల్లియని తిట్టుట మనకు పరిపాటి. ఆ జంతువు రంగు మార్చునది వంచనకని జనుల నమ్మకము. కాని 2015లో జెనీవా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మడగాస్కరు దేశపు పాంథర్ ఊసరవెల్లి చర్మమును పరీక్షించి, దాని కణములలో గ్వానీనను పదార్థపు సూక్ష్మస్ఫటికములు వరుసకట్టియున్నవనియు, శాంతముగానున్నపుడు అవి దగ్గరగానుండి ఆకుపచ్చవన్నెకు కారణమగుచున్నవనియు, మగజంతువు ఉద్రేకము నొందినపుడు అవి ఎడమై పసుపువైపునకును ఎరుపువైపునకును వన్నె మళ్ళుచున్నదనియు నిరూపించిరి. అనగా లాగిన రబ్బరునందు జరుగుదానికి ఇది విలోమము: రబ్బరు పలుచనై వరుసలు దగ్గరగుటచే నీలమునకు పోవును, ఊసరవెల్లి చర్మమున స్ఫటికములు ఎడమగుటచే ఎరుపునకు పోవును. సూత్రమొక్కటే. తిట్టుటకు వాడుకొన్న జంతువునందు ఇంత నిజాయితీ గల లెక్క దాగియుండుట తెలిసిన పిమ్మట ఆ తిట్టు నాకు నోట రాకున్నది.

ఇంతవరకు చెప్పినవి కంటికి నేరుగా కనబడు వన్నెలు. సాగిన పాలిమరునందు కంటికి చిక్కక దాగియుండు వన్నెలు వేరే కలవు. వాని చరిత్రలో తెలుగువాని పేరు చేరియుండుటచేత వానిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది.

స్కాట్లండు దేశీయుడు డేవిడ్ బ్రూస్టర్ 1815 ప్రాంతమున, ఒత్తిడికి లోనైన గాజును ధ్రువితకాంతిలో చూచినచో రంగులు కనబడునని కనిపెట్టెను. ధ్రువితకాంతి యనగా ఒకే తలమున కంపించునట్లు వడకట్టిన వెలుగు. గాజుగాని, పారదర్శకమైన ప్లాస్టిక్కుగాని లాగుడునకో నొక్కుడునకో లోనైనపుడు, దానిలో ప్రవేశించిన వెలుగు రెండుగా చీలి, లాగినదిక్కున కంపించునది ఒక వేగముతోను, అడ్డుగా కంపించునది మరొక వేగముతోను పోవును. వెలుపలికి వచ్చి రెండవ వడపోతను దాటునప్పటికి ఒకటి వెనుకబడియుండును. ఆ వెనుకబాటును బట్టి కొన్ని వన్నెలు పరస్పరము చెల్లిపోగా, మిగిలినవి రంగుచారలై కనబడును. లాగుడు హెచ్చినకొలది చారలు ఒకదాని వెంట నొకటి పుట్టి, లాగుడు తీవ్రముగానున్న చోట గుమిగూడును. పెద్దవంతెనలకు, యంత్రభాగములకు, ఆనకట్టలకు పారదర్శకమైన ప్లాస్టిక్కుతో నమూనాలు చేసి, బరువులు మోపి, ఎచ్చట చారలు క్రిక్కిరిసినవో చూచి, అచ్చట నిజమైన కట్టడము బలహీనమని తెలిసికొనుట ఇంజనీర్లకు ఇరువదవ శతాబ్దమున చిరకాలము అలవాటైన విద్య. లెక్కించు యంత్రములు రాకపూర్వము కంటితో చూడగలిగిన లెక్క అదియే.

స్ఫటికములలో ఈ క్రియను వర్ణించుటకు జర్మనీ పండితుడు ఫ్రీడ్రిక్ పొకెల్స్ పందొమ్మిదవ శతాబ్దాంతమున ఒక సిద్ధాంతమును నిర్మించి, ఏ జాతి స్ఫటికమునకు ఎన్ని స్థిరాంకములు కావలెనో పట్టిక వేసియుండెను. ఆ పట్టికను అర్ధశతాబ్దము లోకము ప్రమాణముగా గైకొన్నది. నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, గుడివాడలో బడిచదువు చదివి, 1928లో కలకత్తాలో రామనుగారి శిష్యుడై, తరువాత వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్యుడైన సూరి భగవంతముగారు, గణితమునందలి సమూహసిద్ధాంతముతో ఆ పట్టికను తిరిగి లెక్కించి, కొన్ని జాతుల విషయమున పొకెల్స్ లెక్క తప్పియున్నదని 1942లో ప్రకటించిరి. పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు టి.ఎస్.నరసింహమూర్తిగారు ఈ శాఖయందే కృషి చేసి 1981లో వెలువరించిన ఉద్గ్రంథము నేటికిని ఆ రంగమున పనిచేయువారికి ఆకరము. భగవంతముగారు పరీక్షించినవి స్ఫటికములు, రబ్బరులు కావు. లాగినపుడు రంగు మారు ప్లాస్టిక్కును వారు చేసిరని చెప్పుట అతిశయోక్తి యగును. అయినను, వస్తువుపై పడిన లాగుడు దానిలోని వెలుగుదారిని ఏ నియమముతో మార్చుననునదే ఈ విద్యకు వెన్నెముక. ఆ నియమమును సరిదిద్దిన చేయి కృష్ణా డెల్టా పొరుగున పుట్టినది. వారు 1957లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు సంచాలకులైన సంగతి పలువురకు తెలియును; ఈ సవరణసంగతి తెలిసినవారు అరుదు. పదవులను జ్ఞాపకముంచుకొని పనులను మరచుట మన జీవితచరిత్రకారుల పాతజబ్బు.

ఈ దాగిన వన్నెలను చూచుటకు ప్రయోగశాల అక్కరలేదు. కంప్యూటరు ఎల్‌సీడీ తెరపై తెల్లని పుటను తెరచి, పోలరాయిడు చలువకళ్ళద్దమును కంటికెదురుగా పట్టి, తెర నల్లబడువరకు దానిని త్రిప్పుడు. పిదప తెరకును అద్దమునకును నడుమ బడిపిల్లల పారదర్శకపు స్కేలును ఉంచినచో, దానిని అచ్చుపోసిన నాటి బిగువులు ఇంద్రధనుస్సులై పొడచూపును. పలుచని తెల్లసంచినుండి ఒక పట్టెను కత్తిరించి అదే తావున మెల్లగా లాగుడు. లాగిన కొలది వన్నెలు ఒకటి తరువాత నొకటి నడచును. మరి ఎక్కువ లాగినచో అవి లేతగులాబిగా, లేతపచ్చగా వెలసి, తుదకు తెల్లబడును. తమాషా యేమనగా, ఈ చూపునకు తోడ్పడు పోలరాయిడు పొరయే సాగదీసిన పాలిమరు. అమెరికాలో ఎడ్విన్ లాండ్ 1938లో కనిపెట్టిన పద్ధతిలో పాలీవినైల్ ఆల్కహాలను ప్లాస్టిక్కును ఒకే దిక్కునకు లాగి, గొలుసులన్నియు బారుతీరిన పిమ్మట దానికి అయొడిన్ పట్టించుదురు. ఎల్‌సీడీ తెరలలో నేడు అమరియున్నది ఆ జాతి పొరయే.

ఇక మిగిలినది మొదటి పుట్టుక గల వన్నె, అనగా పెడనవారి దారి. రంగు అణువుదైనపుడు లాగుట వృథాయని పైన చెప్పితిని. నూలుగుడ్డ విషయమున అది నిజమే. అయితే గొలుసు నడుమనే, లాగుడు తనగుండ పోక తప్పనట్లుగా, ఒక రంగు అణువును కూర్చినచో ఏమగును? స్పైరోపైరానను అణువులో రెండు భాగములు ఒకదానికొకటి అడ్డముగా నిలిచియుండును. ఆ స్థితిలో అది మన కంటికి కనబడు వెలుగును దాదాపు ముట్టదు గనుక వన్నెలేనిది. దానిలోని కార్బను, ఆక్సిజనుల నడుమ గల యొక బంధము తెగినచో రెండు భాగములును ఒకే తలమునకు వచ్చి, అణువు ఎరుపునకో ఊదాకో తిరుగును. వెలుగుతోను వేడితోను దానిని తెరచుట పాతవిద్య. 2009లో అమెరికాయందు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ మూర్, నాన్సీ సాటోస్ ప్రభృతులు దానిని లాగుడుతోనే తెరచిరి. పాలీమిథైల్ అక్రిలేటు గొలుసు నడుమ దానినుంచి, ఆ ప్లాస్టిక్కును లాగగా, అది తెగుటకు కొంచెము ముందు చక్కని యెరుపు తేలినది. సందేహనివృత్తికై ఆ అణువును గొలుసు నడుమగాక కొసను తగిలించిన మరొక ముక్కనుగూడ లాగి చూచిరి. లాగుడు అణువుగుండ పోదు గనుక దానికి రంగు రాలేదు. రంగు తెచ్చినది వేడిమి కాదు, వెలుగు కాదు, లాగుడేయని నిలుపుటకు ఇంతకంటె శుభ్రమైన సాక్ష్యమును కోరలేము. తెరచుకొన్న అణువు వెలుగు సోకిన పిదప మెల్లగా మూసికొని మరల వన్నె కోల్పోవును.

ఇదే మార్గమున 2002లో క్రిస్టఫ్ వీడర్, లోవె యనువారు ప్లాస్టిక్కులో గుంపులు కట్టిన మెరుపురంగు అణువులను లాగుడుచే విడదీసి వన్నె మార్చిరి. పారిసునందు కోస్టాంటినో క్రెటన్ బృందము 2014లో, తెగునపుడు వెలుగును చిమ్ము బంధములను రబ్బరులో నాటి, పగులు ఏ దారిని పాకుచున్నదో మెరుపుచేతనే చూపినది. మన ఇండ్లలో పాత ప్లాస్టిక్ బకెట్టు పిడి వంగిన చోట తెల్లబడుటయు సాగుడుచే వచ్చు రంగుమార్పే. లోపల కంటికి కనబడని బీటలును, ఖాళీలును పుట్టి వెలుగును నలుదిక్కులకు చెదరగొట్టుటచే ఆ తెలుపు కలుగుచున్నది. అయితే అది జరిగిన హానిని చాటునదేగాని జరుగబోవుదానిని చెప్పదు. వచ్చిన తెలుపు పోదు.

ఇవన్నియు దేనికని అడుగు పాఠకుడు నాకు ఇష్టుడు. వార్తలలో ముందుగా కనబడు జవాబు వస్త్రములు: నడచినకొలది రంగు మారు చొక్కాలు, ఆటగాండ్ర తొడుగులు. దీనిని నేను అంతగా లెక్కచేయను. కూచిపూడి నర్తకి ధరించు నెమలికంఠపు పట్టులో పడుగొక రంగు, పేకొక రంగుగా నేసి, కదలికతో వన్నె మారునట్లు మన నేతవాడు ఏనాడో చేసిపెట్టినాడు; ఆ సొగసునకు నానోమీటర్లు అక్కరలేదు. ఈ పదార్థముల విలువ సొగసులో లేదు. లాగుడెంతయో కొలమానము లేకయే కంటికి చెప్పుటలో గలదు.

దీనికి తగిన తావు ఒకటి మన తీరప్రాంతమునకు బాగుగా తెలిసినదే. దోమకాటుచే వ్యాపించు బోదకాలు కోస్తాజిల్లాలలో తరతరముల వ్యాధి. క్రిములను చంపు మందులు వచ్చినను, ఒకసారి వాచిన కాలు మందుతో మరల సన్నబడదు. దానిని శుభ్రముగా కడిగి, వ్యాయామము చేయించి, సాగుకట్టును పాదమునుండి మోకాటివరకు చుట్టి బిగువుగా కట్టుట చికిత్సలో ముఖ్యభాగము. సిరలు ఉబ్బి చీలమండవద్ద మానని పుండ్లు పడినవారికిని ఇట్టి కట్టే ఆధారము. అట్టివారికి చీలమండవద్ద ఇంచుమించు 40 మిల్లీమీటర్ల పాదరసపు పీడనము ఉండవలెనని వైద్యులు చెప్పుదురు. కట్టు వదులైన ఫలము లేదు. మరీ బిగుసుకొన్నచో రక్తప్రసారము చెడును. బిగువు సరిపోయినదో లేదో నర్సు చేతివాటమునకే తెలియవలెను. ఇంటివద్ద కట్టుకొను రోగికి ఆ వాటమును లేదు. పైన పేర్కొన్న కోలెగారు దక్షిణామెరికా అడవులలోని ఒక నీలిఫలము నిర్మాణమును చూచి, 2013లో సాగు పాలిమరు పొరలను సన్నని దారముగా చుట్టి, లాగిన కొలది ఎరుపునుండి నీలమువరకు మారు పోగును సహచరులతో కలిసి చేసిరి. 2018లో అట్టి పోగులను క్రేపు బ్యాండేజిపై కుట్టి, కట్టునపుడు పోగు వన్నెను రంగుపట్టికతో సరిచూచుకొన్నచో బిగువు తెలియునని చూపిరి. అక్షరములు రాని ముసలమ్మకైనను, పోగు పచ్చబారువరకు లాగి ఆపుమని చెప్పుట కష్టము కాదు.

మరియొక తావు త్రాడు. నాగాయలంకలోను, గిలకలదిండిలోను మరబోట్లను కట్టు నైలాను మోకులు ఎండకును ఉప్పునీటికిని లోలోపల చివికి, చూపునకు గట్టిగానే కనబడుచు, గాలి రేగిన రాత్రి తటాలున తెగును. తెగుటకు ముందు ఎరుపెక్కు పోగొకటి ఆ మోకులో ఉన్నచో ఎంత మేలని తోచుట న్యాయమే. స్పైరోపైరాను కథను విన్న ప్రతివారికిని ముందుగా తట్టు తలంపు ఇదియే; పరిశోధకులును దీనిని పలుమారులు చెప్పుదురు. చెప్పినంత సులువుగా ఇది చేతికి రాకుండుటకు కారణములు కలవు. రంగు అణువును మూయునది వెలుగే గనుక, రాత్రి ఎరుపెక్కిన పోగు తెల్లవారిన తరువాత ఎండలో వెలసిపోవును. మరల మరల తెరచి మూసిన అణువు కొంతకాలమునకు అలసి పనిమానును. నైలానును చివికించు అతినీలలోహిత కిరణములే దానినిగూడ చెరచును. పొరల వన్నెకు ఈ బాధ తక్కువయేగాని, అది చూచువాని కోణమును బట్టి మారును. వంకరగా చూచినవానికి ఎరుపు పచ్చగా తోచినచో, అది లాగుడో చూపో తేల్చుట యెట్లు? పైగా పాచి పట్టి, బురద పూసికొని, తారు అంటిన మోకులో రంగు చూచుటకు చోటెక్కడ?

కట్టునకు ఈ కష్టములు లేవు. అది ఇంటిలోపలనే యుండును, చూచువాడు దానిపై వంగి ఎదురుగా చూచును, మాసిన పిదప క్రొత్తది చుట్టుదురు గనుక ఏండ్లతరబడి మన్నవలసిన పనియు లేదు. ఖరీదు తగ్గినచో అది ముందుగా మన ఆసుపత్రులను చేరును. మోకు రేవును చేరుటకు మాత్రము, ఎండకు వెలయని ఎరుపును కనిపెట్టువాడు ఇంకను రావలసియున్నది.